గోల్డ్‌ఫించ్, గిజిగాడు

గోల్డ్‌ఫించ్ అన్న పేరు ఒక్క పిట్టది కాదు. యూరప్‌లో ఒకటి, అమెరికాలో మూడు ఉన్నాయి. అన్నీ ఫ్రింజిల్లిడే కుటుంబానివే. పేరు విని ఒళ్ళంతా పసుపే అనుకుంటే యూరప్ పిట్ట దగ్గరే పప్పులో కాలేసినట్టు. దాని మొహం ఎరుపు, తల తెలుపూ నలుపూ, వీపు గోధుమరంగు. నల్లటి రెక్క మీద వెడల్పాటి పసుపు పట్టీ ఒకటి మెరుస్తుంది, పేరంతా ఆ పట్టీదే. కశ్మీర్, హిమాచల్ కొండల్లో ఉండే దాని చుట్టానికి తల మీద నలుపు లేదు, బూడిదరంగే. దాన్ని కొందరు వేరే జాతి అంటారు, కొందరు ఉపజాతి అంటారు.

1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ యూరప్ పిట్టకు కార్డ్యుయెలిస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో కార్డ్యుయస్ అంటే ముళ్ళమొక్క. సన్నటి మొనదేలిన ముక్కుతో ఆ ముళ్ళ మధ్య గింజలు లాగి తింటుంది కాబట్టి ఆ పేరు అతికినట్టుంది. అమెరికా పిట్టల్లో ఒకదాని మగది వేసవిలో నిమ్మపండు రంగులో ఉంటుంది, నెత్తిన నల్లటోపీ. 1935 నుంచి అది న్యూజెర్సీ రాష్ట్రపక్షి. ఆ రాష్ట్రంలోని ఎడిసన్ ఊళ్ళో తెలుగువాళ్ళ పెరళ్ళలోకి గింజలకు వచ్చేది ఇదే, కానీ చలికాలంలో రంగు వెలిసి గుర్తుపట్టనివ్వదు. చాలాకాలం దీన్నీ యూరప్ పిట్టతో పాటు కార్డ్యుయెలిస్ ప్రజాతిలోనే ఉంచారు. డీఎన్ఏ చూశాక 2009లో అమెరికా పండితులు స్పైనస్ అనే వేరే ప్రజాతికి మార్చారు. పేరు కలిసినంత మాత్రాన దగ్గరి చుట్టరికం ఉండదని దాంతో తేలింది.

అందుకే ఢిల్లీ లక్ష్మీ నగర్‌కు చదువులకొచ్చిన తెలుగు పిల్లలు యమున ఒడ్డున పసుపు పిట్టను చూసి ‘బంగారు పిచ్చుక’ అంటే మనసు చివుక్కుమంటుంది. అది గోల్డ్‌ఫించ్ కాదు, పిచ్చుకా కాదు. పిచ్చుక పాసరిడే కుటుంబం, ఇది ప్లోసిడే. దీనికి తెలుగులో ఎప్పటినుంచో నిక్షేపంలాంటి పేరుంది, గిజిగాడు. ఉన్న పేరు వదిలి ఇంగ్లీషు పేరును తెలుగు చేసుకోవడం దేనికి? శాస్త్రనామమూ ఏమంత గొప్పది కాదు: 1766లో పెట్టిన ‘ఫిలిప్పినస్’. ఫిలిప్పీన్స్‌లో ఈ పిట్టే లేదు.

గిజిగాణ్ణి వానాకాలంలో పోల్చుకోవడం తేలిక. మగదానికి నెత్తి, రొమ్ము పసుపు. చెంపలకు ముదురు గోధుమ ముసుగు, ముక్కు లావు. గూడు చూస్తే ఇక అనుమానమే ఉండదు. ఊళ్ళో బావి మీదికి వంగిన ఈతచెట్టుకు సొరకాయ బుర్రల్లా వేలాడేవి అవే. రాలిన గూడు విప్పి చూస్తే ఆకుల్ని సన్నటి పీలికలుగా చీల్చి, ఒకదాని కింద ఒకటి దూర్చి ముడివేసిన అల్లిక కనిపిస్తుంది. లోపల గోడకు మట్టిముద్ద అంటి ఉంటుంది. దాంట్లో మిణుగురుల్ని గుచ్చి దీపం పెడుతుందన్నది పెద్దలు చెప్పిన కథ, మట్టి మాత్రం నిజం. మగది సగం అల్లి ఆపుతుంది, ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది.

ఢిల్లీ అంచున యమున మీదే ఉన్న ఓఖ్లా పక్షుల అభయారణ్యం రెల్లుదుబ్బుల్లో మరో రెండు రకాల గిజిగాళ్ళుంటాయి. ఒకదానికి రొమ్ముకు అడ్డంగా నల్లపట్టీ, రెండోదానికి రొమ్ము మీద నల్లచారలు. వానలు వెళ్ళాక మూడింటి మగవీ పసుపు వదిలేసి ఆడవాటిలా, దూరానికి పిచ్చుకల్లాగే కనిపిస్తాయి. అప్పుడు లావుపాటి ముక్కు, పొట్టి తోక చూసి చెప్పాలి.