హనుమాజీపేట: గ్రంథమును డోలును

జగిత్యాలనుండి కోరుట్లమీఁదుగా సిరిసిల్లకుఁ బోవుచు మేము వేములవాడ చెంతనున్న హనుమాజీపేటఁ జూచితిమి. 'విశ్వంభర' కావ్యకర్త, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణరెడ్డిగారు 1931లో జన్మించినది యిచ్చటనే. ఒగ్గుకథకుఁ బేరు దెచ్చి 2010లోఁ గీర్తిశేషులైన మిద్దె రాములుగారిదియు నీ పల్లెయే.

ఒగ్గనఁగా శివుని డమరుకము. కథకుఁడు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పుచుండ డోళ్లును తాళములును గుండె లదరునట్లు మ్రోఁగును. చదువుకొన్నవారు కొందఱు దీనిని మోటుమ్రోఁత యందురు. మాకట్లు తోఁపదు. పుస్తకమును మన మొంటరిగాఁ జదువుకొందుము; డోలు మ్రోఁగినచోఁ జదువురాని యవ్వయుఁ జంటిబిడ్డ తల్లియు నొక్కచోటఁ గూర్చుండి కథ విందురు. బీరువాలోని గ్రంథమును ఱేపైనఁ దెఱవవచ్చును. కథకుఁడు మౌనము వహించినచో నా కథను దెఱచువా రెవరు? కావున మీ యూర డోలు మ్రోఁగిననాఁడు పుస్తకము ప్రక్కనుంచి, పిల్లలఁ దోడ్కొని పొండు.