చేతి రేడియోయా, బల్ల రేడియోయా?

రేడియో యనగా మనకు తెలిసినది, ఒక కేంద్రమును త్రిప్పి పెట్టుకొని వారు చెప్పినది వినుట. వార్తలు కానిండు, పాటలు కానిండు, పాడిపంటల ముచ్చట్లు కానిండు, చెప్పువారు మన కొరకే చెప్పుచుందురు. కాని ఇంకొక జాతి రేడియో కలదు. అందులో మాటలాడువారు మనకొరకు మాటలాడరు. విమానాశ్రయమువాడు విమానచోదకునితోను, మంటల నార్పు దళమువాడు తన సహచరునితోను, కారుమబ్బును కనిపెట్టి చూచుచున్నవాడు వాతావరణ కార్యాలయముతోను మాటలాడుకొనుచుందురు. ఆ మాటలను వెదకి పట్టి వినిపించు యంత్రమునకు స్కానరని పేరు. అమెరికా దేశమున అనేకులు దీనిని ఇండ్లలో నుంచుకొందురు. 2019వ సంవత్సరమున అట్టి యంత్రము నొకదాని నెన్నుకొను పని నా మీద పడినది. పని చిన్నదే. అయినను ఇంటిల్లిపాదియు మూడు దినములు తర్కించితిమి.

నా కుమారుడు అప్పుడు ఓక్లహోమా రాష్ట్రమున నార్మన్ అను పట్టణములో నుద్యోగము చేయుచుండెను. కోడలి పురిటికి సాయముగా నుందుమని నేనును, నా భార్యయు ఆ మార్చి నెలలో నచటికి వెళ్లితిమి. ఆ ప్రాంతమున వసంతఋతువు సుడిగాలుల ఋతువు. వారు దానిని టోర్నడో అందురు. విద్యార్థులారా, మన తీరమున వచ్చు తుపానుతో దీనిని పోల్చుకొనరాదు. మన తుపాను వందల కిలోమీటర్ల వెడల్పు గలది. అది సముద్రముపై నడచి వచ్చుచుండగా మూడునాలుగు దినముల ముందే కనిపెట్టవచ్చును. టోర్నడో యన్ననో, మేఘమునుండి నేలకు దిగిన ఏనుగు తొండము వంటిది. దాని వెడల్పు సాధారణముగా కొన్ని వందల మీటర్లకు మించదు. అది త్రొక్కిన వీధిలో ఇల్లు మిగులదు. ప్రక్క వీధిలో పూలకుండియైనను కదలదు. హెచ్చరిక వచ్చిన పిదప మనకు మిగులు కాలము పది పదిహేను నిమిషములు. ఒక్కొక్కప్పుడు అదియు నుండదు.

నార్మనుకు ఉత్తరమున, కొలది దూరములోనే మూర్ అను పట్టణము కలదు. 2013 మే 20వ తేదీని అచట దిగిన సుడిగాలివలన 24 మంది మరణించిరి. వారిలో ఏడుగురు ఒకే ప్రాథమిక పాఠశాలలోని పిల్లలు. కొన్ని సంవత్సరములు బడి నడిపినవాడను గనుక ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ దేశములో సుడిగాలిని ముందుగా ఊహించి చెప్పుటకు తొలి విజయము లభించినదియు ఆ చుట్టుప్రక్కలనే. 1948 మార్చి 25వ తేదీని టింకర్ అను వైమానిక స్థావరమున ఫాబుష్, మిల్లర్ అను నిరువు రధికారులు ఆనాటి సాయంకాలమే సుడిగాలి రాగలదని చెప్పిరి, వచ్చినది. నేడు నార్మనులోనే దేశమంతటికిని ఇట్టి గాలివానల రాకను ముందుగా తెలుపు కేంద్రము కలదు. పట్టణములో ప్రమాదమును తెలుపు కూతగొట్టములు కూడ నున్నవి. శనివారము మధ్యాహ్నము 12 గంటలకు వానిని పరీక్షింతురు. మొదటి శనివారమున నా భార్య ఆ కూత విని చేతిలోని గిన్నెను జారవిడిచినది.

కూతగొట్టము ఆరుబయట నున్నవారి కొరకు. తలుపులు మూసికొని నిద్రించువారికి అది వినబడునని నమ్ముటకు వీలులేదు. ఇంటిలోనివారి కొరకు ప్రభుత్వము వాతావరణమును మాత్రమే చెప్పు రేడియో కేంద్రములను రాత్రింబవళ్లు నడుపుచున్నది. 162.400 మొదలు 162.550 మెగాహెర్ట్‌జుల వరకు ఏడు స్థానములు వానికై కేటాయింపబడినవి. ఈ ప్రసారములను వినుటకు చవకయైన ప్రత్యేక రేడియోలు దొరకును. అట్టిది ఒకటి మావాని పడకగదిలో నుండెను. అయినను, గాలిని కన్నులార చూచుచున్నవారి మాటలను అది నేరుగా వినిపింపదు. ఆ పని స్వచ్ఛంద సేవకులది. వారు కారులలో మేఘమునకు దూరముగా నిలిచి, అమెచ్యూర్ రేడియోలలో కార్యాలయమునకు చూచినది చూచినట్లు చెప్పుదురు. ఆ మాటలను వినవలెనన్న స్కానరు కావలెను.

దాని పనితీరు సులభముగానే బోధపడును. మనము వినగోరు స్థానములను ముందుగా దాని జ్ఞాపకములో నుంచవలెను. అది వానిని ఒకదాని తరువాత నొకటిగా, క్షణమునకు పలుమారులు, తట్టి చూచుచుండును. హాజరుపట్టీ చదువు ఉపాధ్యాయునివలె ననుకొనుడు. పలికినవాని వద్ద ఆగును. పలుకు ముగియగానే ముందునకు సాగును. ఎవరును పలుకనప్పుడు వచ్చు బుసబుస శబ్దమును అణచుటకు స్క్వెల్చ్ అను మీట యుండును. దానిని మరీ బిగించితిమా, దూరపు సన్నని గొంతుకలు కూడ అణగిపోవును.

దుకాణములో రెండు విధములైనవి చూపిరి. ఒకటి అరచేతిలో పట్టి, నడుమున తగిలించుకొనదగినది. రెండు చిన్న బ్యాటరీలతో నడచును. రెండవది బల్లమీద కూర్చుండునది. గోడలోని విద్యుత్తుతో నడచును. రెండింటి లోపలి పనితనము ఇంచుమించు సమానమే. వెల కూడ వంద డాలర్లకు కొంచె మిటునటుగా నుండెను. సంఖ్యారూపమున పంపబడు మాటలను కూడ విప్పి చెప్పగలవి వేరుగా నున్నవి. వాని వెల నాలుగైదింతలు. పోలీసు దళములు పెక్కు ఆ పద్ధతికి మారినవి. రహస్యముగా మార్చి పంపిన మాటలను ఏ స్కానరును వినిపింపలేదు. మాకు కావలసినది గాలిని కనిపెట్టువారి మాటలు. అందుకు సామాన్యమైనది చాలును.

నా భార్య బల్ల స్కానరు పక్షము వహించినది. ఆమె వాదము నిరాధారమైనది కాదు. "ఏమండీ, ఈ చేతిదానిపై అంకెలు ఆవగింజలవలె నున్నవి. మీకా చత్వారము, నాకా వినుకలి తక్కువ. అది బల్లమీద నున్నచో వంటయింటిలో నున్నను వినబడును గదా!" అనెను. నిజమే. పెద్ద పెట్టెలో పెద్ద స్పీకరు పట్టును. మాట స్పష్టముగా పలుకును. మీటలు పెద్దవి. బ్యాటరీలు ఉడిగినవా యను చింత లేదు. అన్నింటికంటె ముఖ్యమైనది ఏరియల్. ఈ రేడియో అలలు దాదాపు తిన్నగా ప్రయాణించును. ఇంటిగోడలు, గుట్టలు, చివరకు భూమి గుండ్రదనము కూడ వాని కడ్డమే. కావున ఏరియల్ ఎంత యెత్తున నున్న నంత మేలు. 162 మెగాహెర్ట్‌జుల అల పొడవు సుమారు 185 సెంటీమీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా 46 సెంటీమీటర్ల కడ్డీ దానికి తగినది. చేతి స్కానరుకు వచ్చు రబ్బరు తొడుగుగల పొట్టి ఏరియల్ అంతకంటె చాల చిన్నది. బల్ల స్కానరును ఒకచోట నుంచి ఇంటికప్పుమీది కడ్డీకి తీగ కలిపినచో, చేతిది పట్టలేని గొంతుకలను అది పట్టును.

మావాడు ఇవన్నియు విని, "నాన్నగారూ, ఇక బల్లదే తీసికొందము" అనెను. నేనును ఒప్పుకొనబోవుచుంటిని.

అప్పుడు మా కోడలు, "మామయ్యగారూ, హెచ్చరిక వచ్చినప్పుడు మనము బట్టల గదిలోనికి పోవలెను గదా! పాపను నేనెత్తుకొందును. అత్తయ్యగారు నీళ్ల సీసాయు, దుప్పటియు తెత్తురు. ఆయన చేతిలో దీపముండును. ఆ బల్ల రేడియోను తీగలతో సహా ఎవరు తెత్తురు?" అని యడిగెను. అప్పటికి పాప పుట్టి మూడు వారములు. ఆ యింటికి నేలమాళిగ లేదు. కిటికీలు లేని గది, ఇంటి నడుమనున్న బట్టల గది యొక్కటే. అందులో విద్యుత్తును తగిలించుటకు చోటు కూడ లేదు.

ఆ మాటతో నాకు 1977వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చినది. మాది దివిసీమ. ఆ నవంబరు 19వ తేదీని వచ్చిన ఉప్పెనలో 10,000 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామముల పేరు చెప్పిన నేటికిని మా వైపువారి గొంతు తగ్గును. మా ఊరు సముద్రమునకు దూరముగా నుండుటచే ప్రాణములతో బయటపడితిమి. మా నాయనగారికి ఒక గొప్ప వాల్వు రేడియో యుండెను. టేకుపెట్టె, బంగారువన్నె బట్ట, లోపల చిన్న దీపము. ఊరిలో సగముమంది వార్తలకు మా అరుగుమీదికే వచ్చెడివారు. ఆ దినమున గాలి హెచ్చి విద్యుత్తు పోయినది. ఆ గొప్ప రేడియో మూగపోయినది. మా వీధి చివర నొక దర్జీ యుండెను. ఆయన కుట్టుమిషను ప్రక్కన తోలుసంచిలో వ్రేలాడు చిన్న ట్రాన్సిస్టరు, మామూలు దినములలో కరకర శబ్దమే యెక్కువ. ఆ సాయంకాలము ముప్పదిమందిమి ఆయన పాకనుండి బడి డాబాలోనికి చేరి, ఆ సంచి చుట్టు చెవులొగ్గి, బ్యాటరీలు నీరసించువరకు విజయవాడ కేంద్రమును వింటిమి. పాక ఆ రాత్రియే పోయినది. రేడియో మాత్రము ఆయన మెడలోనే యుండెను.

ఈ కథ మావానికి తెలియదు. చెప్పి, చేతిదానినే కొనుమంటిని. చేతి స్కానరును కావలసినప్పుడు బల్లమీద కూర్చుండబెట్టవచ్చును. బల్ల స్కానరును నడుమున తగిలించుకొనలేము. మావాడు వంటయింటి కిటికీవద్ద 46 సెంటీమీటర్ల కడ్డీ నొకటి నిలిపి, దానినుండి తీగను తెచ్చెను. పగలు స్కానరు ఆ తీగకు కట్టుబడి గట్టుమీద నుండెడిది. చిన్న అంకెల చిక్కునకు నేనొక అట్టముక్కపై పెద్ద తెలుగు అక్షరములతో "1. వాతావరణము, 2. గాలిని చూచువారు, 3. అగ్నిమాపకము" అని వ్రాసి గోడకు తగిలించితిని. అమెరికా వంటయింటిలో ఆ తెలుగు అట్టను చూచి ఇరుగుపొరుగువారు ముచ్చటపడిరి. నా భార్యకు గొంతుకలు సన్నగా వినబడుచున్నవను అసంతృప్తి మాత్రము తీరలేదు. తరువాత చిన్న స్పీకరు నొకదానిని వేరుగా కొంటిమి. అది కొంత నయము.

మే నెల చివర ఒక రాత్రి ఒంటిగంటకు పడకగదిలోని రేడియో అరచినది. పడమటి వైపున గాలి దిగినదని చెప్పుచుండెను. నిమిషములో నందరమును బట్టల గదిలో నుంటిమి. స్కానరును తీగనుండి ఊడదీసి నేను చేతబట్టుకొంటిని. కొలది సేపటికే దీపములారిపోయినవి. లోపల గోడలవలన గొంతుకలు సగము తెగిపోవుచుండెను; ఈ లోపము చేతిదాని కున్నదే. అయినను కేంద్రపు గొంతుక గట్టిగానే పలికినది. నడుమనడుమ ఒక మనుష్యుని మాట తేటగా వినవచ్చినది. మేఘము ఈశాన్యమునకు మరలుచున్నదని, తానున్నచోట వడగండ్లు పడుచున్నవని ఆతడు నిదానముగా చెప్పుచుండెను. అర్ధరాత్రివేళ ఆ వానలో, జీతమేమియు లేకయే, ఎవరి కొరకో నిలిచియుండిన ఆ మనుష్యుని ముఖము నేనెరుగను. నా భార్య స్కానరును నా చేతినుండి తీసికొని చెవికి ఆనించుకొని, ఇంగ్లీషు పూర్తిగా రాకున్నను, "ఈశాన్యమన్నాడు, ఈశాన్యమన్నాడు" అని కోడలితో చెప్పసాగెను. పాప లేవనేలేదు. రెండు గంటల వేళకు బయటికి వచ్చితిమి. మా వీధిలో రెండు చెట్టుకొమ్మలు మాత్రమే విరిగినవి.

ఆ దేశమునందును ఈ యంత్రమునకు హద్దులు కలవు. కొన్ని రాష్ట్రములలో కారులో నుంచుకొనుటకు అనుమతి కావలెను. సెల్‌ఫోను సంభాషణలు వినుట 1986వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధము. మన దేశములో సామాన్య రేడియోకు అనుమతి అక్కరలేదు గాని, ఇట్టి యంత్రములను ప్రభుత్వానుమతి లేక ఉంచుకొనరాదు. ఉత్సాహముగలవారు అమెచ్యూర్ రేడియో పరీక్షకు కూర్చుండి లైసెన్సు పొందవచ్చును. కావున తిరిగివచ్చునపుడు స్కానరును అచ్చటనే విడిచితిమి. ఇప్పుడది బట్టల గది తలుపు వెనుక మేకుకు వ్రేలాడుచున్నదట. ప్రతి మార్చి మొదటి తేదీని కొత్త బ్యాటరీలు వేయుదురట. తెలుగు అట్ట ఇంకను గోడమీదనే యున్నది. మనుమరాలు ఆ మూడు పంక్తులను చూచియే అక్షరములు కూడబలుకుకొనుట నేర్చినదని మావాడు మొన్న ఫోనులో చెప్పెను.