లీడర్‌షిప్ పాఠానికి సముద్రం దాటిన మా అమ్మడు

మా చెల్లెలి కూతురు అమెరికాలో డిగ్రీ చదువుతోంది. 2024 మొదట్లో ఒకరోజు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఈసారి లీడర్‌షిప్ కోర్సు తీసుకున్నాను. చివర్లో రెండు వారాలు డెన్మార్క్, స్వీడన్ తీసుకెళతారు" అంది. ఇక మా మరిదిగారి గోల చూడాలి! "నాయకత్వం పాఠం చెబితే వస్తుందా? బ్యాంకు లోను మీద చదివే పిల్లకి షికార్లెందుకు?" అన్నారు. మా చెల్లెలు మాత్రం, "అక్కా, నువ్వు అప్పటికి అక్కడే ఉంటావుగా, కాస్త చూసి చెప్పు" అని భారం నా మీద పెట్టింది. సరిగ్గా ఆ మే నెలకి నేను మా అమ్మాయి పురిటికని స్వీడన్‌లోని మాల్మో అనే ఊళ్ళో ఉన్నాను మరి!

మాల్మోకీ, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌కీ మధ్య సముద్రమే అడ్డం. దాని మీద 2000లో ఒరెసుండ్ వంతెన తెరిచారు. దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన, తర్వాత మనుషులు కట్టిన చిన్న దీవి, ఆపైన నాలుగు కిలోమీటర్లు సముద్రం కింద సొరంగం. వంతెన మీద పై అంతస్తులో కార్లు, కింది అంతస్తులో రైళ్ళు పోతాయి. రైలెక్కితే నలభై నిమిషాల ప్రయాణం. మనం తెనాలి నుంచి బెజవాడ వెళ్ళేలోపు అక్కడ దేశమే మారిపోతుంది!

పిల్లలు పద్నాలుగు మంది, వాళ్ళ ప్రొఫెసరమ్మ కోపెన్‌హేగన్‌లో దిగారు. మొదటిరోజు క్రిస్టియన్స్‌బోర్గ్ భవనం చూశారు. పార్లమెంటు, ప్రధానమంత్రి ఆఫీసు, సుప్రీంకోర్టు మూడూ అక్కడే. పార్లమెంటులో 179 మంది సభ్యులు. వాళ్ళలో సైకిలు మీద వచ్చేవాళ్ళూ ఉంటారట. ఆ దేశానికి ఆడమనిషి మొదటిసారి ప్రధాని అయింది 2011లో. నార్వేలో అయితే 1981లోనే అయ్యారు. 1986లో అదే గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ గారు పెట్టిన మంత్రివర్గంలో పద్దెనిమిది మందికి ఎనిమిది మంది ఆడవాళ్ళే. ఇవన్నీ ఊరికే వచ్చాయా, ఎలా వచ్చాయి అన్నదే ఆ కోర్సులో పాఠం.

ఇంకో విశేషం, ఈ కోర్సులో రోజుకొక విద్యార్థి నాయకత్వం వహించాలి. ఏ రైలు, ఎక్కడ భోజనం, ఎప్పుడు బయల్దేరడం, అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి. ప్రొఫెసరమ్మ అందరికంటే వెనక నడుస్తుంది, అడిగితేనే పలుకుతుంది. మా పిల్ల వంతు హెల్సింగోర్ వెళ్ళే రోజున వచ్చింది. ఆవిడ అనుమతితో నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను.

హెల్సింగోర్ కోపెన్‌హేగన్ నుంచి రైల్లో ముప్పావు గంట. షేక్స్పియర్ హామ్లెట్ కథ జరిగిన కోట క్రోన్‌బోర్గ్ అదే. కోట గోడ దగ్గర నుంచుంటే నాలుగు కిలోమీటర్ల నీళ్ళకి అవతల స్వీడన్ తీరం కనిపిస్తుంది. ఆ ఊళ్ళోనే 1921లో మొదలైన ఇంటర్నేషనల్ పీపుల్స్ కాలేజీ ఉంది. డెన్మార్క్‌లో ఇలాంటి బళ్ళని జానపద ఉన్నత పాఠశాలలంటారు. గ్రుంట్విగ్ అనే మతాచార్యుడి ఆలోచనతో మొదటిది 1844లో రోడింగ్‌లో పెట్టారు. రైతు బిడ్డలకి పరీక్షలు, మార్కులు లేకుండా చరిత్ర, భాష, మాట్లాడే ధైర్యం నేర్పడం దాని పని. ఈనాటికీ పరీక్షల్లేవు. పిల్లలు అక్కడే ఉంటారు, వంతులేసుకుని వంటింటి పనులూ చేస్తారు.

ఆ చదువు చదివిన రైతులే తర్వాత పాల సహకార సంఘాలు నడిపారు. 1882లో మొదటిది పుట్టింది. ఎవరికెన్ని ఆవులున్నా ఓటు మాత్రం మనిషికొకటే! ఆవుల లెక్కన కాదు, తలల లెక్కన ఓటు. ఇది వినగానే మా ఊరి పాల సొసైటీ, మా పొదుపు సంఘం మీటింగులు కళ్ళ ముందు మెదిలాయి. మన దగ్గరా చేతులెత్తమంటారు గానీ, ముందు ఎవరి చెయ్యి లేస్తుందో చూసి మిగతావి లేస్తాయి కదండీ!

ఆ రోజు కోట ముందా, కాలేజీ ముందా అని పిల్లల్లో వాదన వచ్చింది. మా పిల్ల గొంతు పెంచలేదు. ఒక్కొక్కరినీ అడిగింది, అందరి మాటా విన్నాక, "కాలేజీవాళ్ళు మన కోసం ఎదురుచూస్తుంటారు, కోట ఎక్కడికీ పోదు, ముందు కాలేజీ" అని తేల్చేసింది. అంతే, కదిలారు. చిన్నప్పుడు హోటల్లో దోసె కావాలని కూడా వాళ్ళమ్మ చెవిలోనే చెప్పిన పిల్ల ఇది.

తర్వాత వాళ్ళు స్వీడన్ వచ్చినప్పుడు నలుగురు స్నేహితులని మా ఇంటికి తీసుకొచ్చింది. అక్కడ కాఫీతోపాటు ఏదైనా తీపి తింటూ తీరిగ్గా కూర్చోవడాన్ని ఫీకా అంటారు. ఆఫీసుల్లో కూడా పెద్దా చిన్నా అందరూ కలిసే కూర్చుంటారట. వాళ్ళ తీపి బన్నులో వేసేది ఏమిటనుకున్నారు? మనం పాయసంలో వేసే ఏలకులే, కచ్చాపచ్చాగా దంచి! మా అల్లుడుగారు పసిగుడ్డుని భుజాన వేసుకుని కాఫీలు అందిస్తుంటే ఆ పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. స్వీడన్ 1974లోనే తల్లికిచ్చే సెలవుని తల్లిదండ్రులిద్దరిదీ చేసింది. ఇప్పుడు బిడ్డకి 480 రోజులు. అందులో తొంభై రోజులు తండ్రివి, తొంభై తల్లివి. ఒకరివి ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. "మా పై ఆఫీసరు కూడా ఆరు నెలలు తీసుకున్నాడు, నన్నెవరు అంటారు?" అన్నారు అల్లుడుగారు. పైవాళ్ళు చేసి చూపిస్తే కిందివాళ్ళకి దారి ఏర్పడుతుందన్నమాట.

స్వీడన్‌లో ఒకప్పుడు మన 'గారు'లాగే హోదా పేరుతో పిలిచేవారట. 1967లో వైద్యశాఖ పెద్ద బ్రోర్ రెక్సెడ్ తన సిబ్బందినందరినీ 'నువ్వు' అనే అంటానని ప్రకటించాక ఆ పద్ధతి దేశమంతా పాకింది. నాకు మాత్రం పెద్దవాళ్ళని అలా పిలవడం నోరు తిరగదు. అదే అంటే మా పిల్ల, "నాన్నగారిని 'మీరు' అంటూనే మనసులో మాట చెప్పొచ్చు కదా పెద్దమ్మా" అంది. దాని మనసులో మాట ఏమిటంటే, వాళ్ళ నాన్న కోరిన కంప్యూటర్ చదువు వదిలి ప్రజారోగ్యం చదవాలని. ఏడాదిగా దాచుకుందట!

ఆ రాత్రి, తొమ్మిది దాటినా వెలుతురు పోని ఆ రాత్రి, మా వంటింట్లోంచే ఫోన్ చేసి చెప్పింది. ఏడవలేదు, పోట్లాడలేదు. ఆయన రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు "లోను ఎలా తీరుస్తావో కాగితం మీద రాసి పంపు" అన్నారు. రాసి పంపింది. అవునూ అనలేదు, కాదూ అనలేదు. కానీ మాటలైతే సాగుతున్నాయి.

మీ పిల్లలూ ఇలాంటి కోర్సు అడిగితే ముందు ఈ వివరాలు కనుక్కోండి. క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయా? ఫీజులో విమానం టిక్కెట్టు, భోజనం ఉన్నాయా? మన పాస్‌పోర్టు వాళ్ళకి అమెరికా వీసా ఉన్నా షెంజెన్ వీసా వేరే కావాలి. డెన్మార్క్, స్వీడన్ రెండింటికీ అదొక్కటే చాలు. ముప్పై వేల యూరోలకి తగ్గని వైద్య బీమా ఉండాలి. తిరిగి అమెరికా వెళ్ళడానికి స్టూడెంట్ వీసా గడువు, ఐ-20 మీద కాలేజీవారి సంతకం సరిచూసుకోవాలి. మే నెలైనా చలిగాలి ఉంటుంది, వానకోటు మరవొద్దు. శాకాహారులైతే బంగాళాదుంపలు, నల్లటి రై రొట్టె దొరుకుతాయి. ఒక పొట్లం కారప్పొడి పెడితే పిల్లలు మిమ్మల్ని తలుచుకుంటారు.

ఇక మా చెల్లెలికి నేను చెప్పిన జవాబు ఇదే. నాయకత్వం పుస్తకంలో లేదు, ఆ దేశాల్లోనే దొరికే సరుకూ కాదు. పదిమంది మాట వినడం, విన్నాక తన మాట భయపడకుండా చెప్పడం, అంతే. అది అభ్యాసం చెయ్యడానికి పిల్లకి ఒక చోటు కావాలి. ఆ రెండు వారాల్లో అది దొరికింది. మన ఇంట్లో దొరికితే ఖర్చు లేకుండానే వస్తుంది.