ఉదయం నవల, మధ్యాహ్నం కెమెరా

"అమెరికాలో ఏం చేస్తుంటారండీ?" అని అడిగినవాళ్ళు, నా నోటి నుంచి 'సాఫ్ట్‌వేర్' అన్న మాట రాకపోయేసరికి కాస్త నిరాశపడతారు. న్యూజెర్సీలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని నేను. ఉదయం పదకొండో తరగతికి అమెరికన్ సాహిత్యం. మధ్యాహ్నం ఆ పిల్లల్లోనే కొందరికి స్క్రిప్టు రాయడం, సినిమా తీయడం. "అయితే సినిమాలు చూపించి జీతం తీసుకుంటున్నారన్నమాట!" అంటారు వెంటనే. అదే నిజమైతే నా అంత అదృష్టవంతుడు చిత్రసీమలో కూడా ఉండడు!

నిజానికి ఈ రెండు పాఠాలదీ అత్తాకోడళ్ళ వరస. సాహిత్యం అత్తగారు, ఇల్లు ఆవిడది. సినిమా కోడలు, సందడి ఈవిడది. ఇద్దరినీ ఒకే వంటింట్లో ఉంచి సర్దుకురావడమే నా ఉద్యోగం.

స్క్రిప్టు క్లాసులో మొదటి రోజు చెప్పే సూత్రం ఒక్కటే. తెరమీద కనిపించేదీ, వినిపించేదీ తప్ప కాగితం మీద ఇంకేమీ ఉండకూడదు. 'అతను చాలా బాధపడ్డాడు' అని రాస్తే కొట్టేస్తాను. బాధని కెమెరా ఎక్కడ పెట్టి తీస్తావు నాయనా? ముట్టుకోకుండా చల్లారిపోయిన కాఫీ కప్పు చూపించు! స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెరమీద సుమారు ఒక నిమిషం. అంచేత పేజీ వృథా అయితే ప్రేక్షకుడి నిమిషం వృథా అయినట్టే.

ఈ సూత్రం తెలిశాక మర్నాడు నవల తెరిస్తే తమాషా మొదలవుతుంది. ఫిట్జెరాల్డ్ 1925లో రాసిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' తీసుకోండి. అందులో కథ నడిపేది పక్కింటి నిక్ గొంతు. ఆ గొంతు తీసేస్తే మిగిలేది ఒక డబ్బున్నవాడి విఫలప్రేమ. అలాంటివి మనం బోలెడు చూశాం! గాట్స్‌బీగా 1974లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, 2013లో డికాప్రియో వేశారు. రెండోదాంట్లో అమితాబ్ బచ్చన్ కాసేపు కనిపిస్తారు. "ఆయన మా దేశంలో ఎవరో తెలుసా?" అంటూ అక్కడ ఓ పది నిమిషాలు పాఠం పక్కదారి పడుతుంది, ఆపడం నా తరం కాదు. ఎంత హంగు చేసినా నిక్ గొంతుని పూర్తిగా పట్టుకున్న కెమెరా ఇంకా రాలేదనే నేను అంటాను. ఆ మాటకొస్తే ఫిట్జెరాల్డే 1937లో స్క్రిప్టులు రాసుకు బతకడానికి హాలీవుడ్ వెళ్ళాడు. తెరమీద రచయితగా ఆయన పేరు పడింది ఒక్క 'త్రీ కామ్రేడ్స్' చిత్రానికే!

అలాగని సినిమా ఎప్పుడూ ఓడిపోతుందా? స్టెయిన్‌బెక్ 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో వచ్చింది. మరుసటి ఏడాదే జాన్ ఫోర్డ్ తెరకెక్కించాడు. నవలలో కష్టాలు పోనుపోను ముదురుతాయి. సినిమాలో ఘట్టాల వరస మార్చి, కాస్త ఆదరణ దొరికిన ప్రభుత్వ శిబిరాన్ని చివరికి తెచ్చారు. అంతే, అదే కథ ఆశతో ముగిసింది! "ఇది మోసమా, నేర్పా?" అని అడిగితే క్లాసు రెండు పార్టీలవుతుంది.

అందులో ఒక దృశ్యం ఉంది. ఊరు వదిలేముందు తల్లి పాత జ్ఞాపకాల పెట్టె తెరిచి, చెవిపోగులు చెవుల దగ్గర పెట్టుకు చూసుకుంటుంది. మాటల్లేవు. ఆ తల్లిగా నటించిన జేన్ డార్వెల్‌కి ఆస్కార్ వచ్చింది. అది చూపించి, "మీ ఇంట్లోవాళ్ళు ఊరు వదిలినప్పుడు ఏం వెంట తెచ్చుకున్నారో మాటల్లేకుండా ఒక పేజీ రాయండి" అన్నాను.

వెనక బెంచీలో ఒక కుర్రాడు. గ్వాటెమాలా నుంచి వచ్చి రెండేళ్ళు. నవల పది పేజీలు దాటలేదు. ఇంగ్లీషు తప్పితే డిప్లొమా చేతికి రాదు. వాడు రాసింది ఇది: వంటగదిలో ఒకావిడ తాళాల గుత్తి తీస్తుంది. రెండు తాళంచెవులు ఈ ఇంటివి. మూడోది దేనికీ పట్టదు. ఆవిడ దాన్ని పైటచెంగుతో కాదు గానీ, యాప్రాన్ అంచుతో తుడిచి మళ్ళీ గుత్తిలోనే పెట్టుకుంటుంది.

నాకు నోట మాట రాలేదు. మా గుంటూరు ఇంటి తాళంచెవి నా బీరువాలో ఇంకా ఉంది, ఆ ఇల్లు అమ్మేసి ఎన్నేళ్ళయిందో!

"మిస్టర్, ఇదే సీను పుస్తకంలో ఎలా ఉంది?" అని వాడే అడిగాడు. పేజీ చూపించాను. అక్కణ్ణుంచి నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం నవల చదివాడు, ఆరు వారాలు పట్టింది. 'బొమ్మలు చూపిస్తే పిల్లలు పుస్తకాలు ముట్టరు' అనే సహోపాధ్యాయుడొకాయన వాడి పరీక్ష పేపరు చూసి ఏమీ అనలేదు. అద్భుతమైన మార్కులేం కాదు. కానీ గట్టెక్కాడు.

మీరూ ప్రయత్నించండి. గురజాడ 'కన్యాశుల్కం' నాటకం చదివి 1955 నాటి చిత్రం చూడండి. యద్దనపూడి 'సెక్రటరీ' నవల చదివి 1976 చిత్రం చూడండి. ఆ తర్వాత మీకు నచ్చిన ఒక్క ఘట్టాన్ని డైలాగు లేకుండా ఒక్క పేజీలో రాయండి. రచయిత మీద ఎంత గౌరవం పెరగాలో, దర్శకుడి మీద ఎంత జాలి పడాలో ఆ పేజీయే మీకు చెబుతుంది!