పల్లీలు ఎవరి వంశం?

మా చిన్నోడికి పదో నెలలో ఇడ్లీ ముక్కకి పల్లీ చట్నీ అద్ది పెట్టాను. పది నిమిషాల్లో పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అత్తయ్యగారి మొదటి మాట, "మా వంశంలో పల్లీలు పడనివాళ్ళెవరూ లేరమ్మా" అని. అంటే మిగిలింది మా పుట్టిల్లే కదా! నెల రోజులు ఆ మాట నన్ను నమిలేసింది.

డాక్టరమ్మ మాత్రం పల్లీల ఊసెత్తలేదు. ఇంట్లో ఉబ్బసం, తుమ్ములు, ఎగ్జిమా ఎవరికున్నాయని అడిగింది. మామయ్యగారి ఉబ్బసం, నా మోచేతి మడతల్లో చిన్నప్పటి దురద, రెండూ బయటపడ్డాయి. వంశంలో వచ్చేది పల్లీల అలర్జీయే కానక్కర్లేదట, అలర్జీలొచ్చే తత్వమట. చర్మానికి కాపలాగా ఉండే ఫిలాగ్రిన్ ప్రొటీన్ తాలూకు జన్యువులో లోపముంటే, పొడిబారిన చర్మంలోంచి పల్లీల అంశ దూరి, తినకముందే ఒంటికి శత్రువుగా పరిచయమైపోవచ్చట. అలాగని అంతా జన్యువుల మీదకి నెట్టలేం. 2000లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఒకే పోలిక కవలల్లో కూడా ఇద్దరికీ ఈ అలర్జీ ఉన్నది నూటికి 64 జంటల లెక్కనే. మామూలు కవలల్లో 7.

ఇదంతా చెప్తే అత్తయ్యగారు మామయ్యగారి ఇన్‌హేలర్ వంక ఓసారి చూసి ఊరుకున్నారు. మర్నాడు కొబ్బరి చట్నీకని కొత్త మిక్సీ జార్ తెప్పించారు.