తీర్మానాల పుస్తకంలో మా మాట

ఓబులదేవరచెరువును ఇక్కడ అందరూ ఓడీసీ అంటారు. ఆ మండలంలోని ఒక సుగాలి తండా మాది. శెనక్కాయ సేద్యం, వాన రాని ఏడు బెంగళూరులో బేల్దారి పని, ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు. మా పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయి, రేషన్ కార్డుల్లో ఉన్నాయి. పంచాయతీ మాత్రం పెద్దూరిది. మా తండా దానికి శివారు.

శివారు అనే మాటకు అర్థం మాకు గ్రామసభ రోజు తెలుస్తుంది. సభ పెద్దూర్లో, పొద్దున పదిన్నరకు. ఆ పొద్దుకు ఆడవాళ్లు కూలికి పోయుంటారు, వయసు పిల్లలు బెంగళూరులో ఉంటారు. పోయిన ఇద్దరు ముగ్గురు వెనక వరసలో నిలబడి వస్తారు. తర్వాత సంతకాల కోసం పుస్తకమే తండాకు వచ్చేది. ఒకసారి అట్లా వచ్చినప్పుడు మా అవ్వ ఒకామె వేలిముద్ర వేయకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా ఏలు నీ కాగితం మీదికి వచ్చేముందు, దాంట్లో ఏం రాసినారో సదివి సెప్పు నాయనా" అనింది.

చదివితే, తండాకు సిమెంటు రోడ్డు అని ఉంది. రోడ్డు చెడ్డదని కాదు. కానీ మేము అడిగింది పైవీధికి నీళ్ల పైపు. ఆ వీధి ఆడవాళ్లు కింది కొళాయి దగ్గర వంతు కోసం తెల్లవారుజామున లేస్తారు. పుస్తకం తెచ్చిన మనిషి కూడా చెడ్డవాడు కాదు, సాయంత్రంలోపు గడులు నింపాలని వచ్చినవాడు. ఆ రోజు ఎవరమూ సంతకం పెట్టలేదు. తర్వాతి సభకు నలభై మందిమి పోయినాం. పైపు మాట ముందు రాయించి, రోడ్డు మాట దాని కింద రాయించినాం. నీళ్లు రావడానికి ఏడాది పట్టింది. వచ్చినాయి.

పాడేరు, రంపచోడవరం వైపు మిత్రులతో మాట్లాడితే, "మీకు పెసా ఉంది కదా" అని అడుగుతారు. లేదు. పెసా 1996 నాటి చట్టం, మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. అది ఐదో షెడ్యూలు ప్రాంతాలకే. మా జిల్లా ఆ షెడ్యూలులో లేదు. మనిషి షెడ్యూల్డ్ తెగే గాని, అతను నిలబడిన నేల షెడ్యూల్డ్ కాదు. ఈ తేడా చాలామంది చదువుకున్న పిల్లలకు కూడా తెలియదు. తెలియాలి, ఎందుకంటే మనకు లేని చట్టాన్ని పట్టుకుని వాదిస్తే, ఉన్న హక్కు కూడా బల్ల అవతలి వాళ్లు పక్కన పెట్టేస్తారు.

ఉన్నవి తక్కువేం కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది, గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది అదే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా వర్తిస్తుంది. హక్కుల దావాలను మొదట తేల్చేది గ్రామసభే. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఉపాధి హామీ పథకం మొదలైంది మన పాత అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఏ పని ముందు చేయాలో గ్రామసభ చెప్పాలని ఆ చట్టంలో రాసుకున్నారు. మా నేలలో మొదలైన పథకంలో మా తండా పనుల జాబితా మాకు తెలియకుండా తయారైన ఏళ్లూ ఉన్నాయి.

సభ గట్టిగా నిలబడితే ఏమవుతుందో నియమగిరి చూపించింది. ఒడిశాలో బాక్సైట్ తవ్వకంపై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి, జిల్లా న్యాయమూర్తి పరిశీలకుడిగా కూర్చున్నారు. డోంగ్రియా కోందులు, వాళ్ల ఇరుగుపొరుగు పన్నెండు చోట్లా వద్దన్నారు. మాది అంత పెద్ద కొండ కాదు, ఒక పైపు, ఒక దారి. కానీ మాట పుస్తకంలోకి ఎక్కే పద్ధతి ఒకటే.

తండాకు తన పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నాయక్, కారుబారి, డావో కూర్చుని నసాబు జరిపేవాళ్లు. తగువు ఎంతసేపైనా సాగేది, చివరి మనిషి "సరే" అనేదాకా లేచేవాళ్లు కాదు. ఓట్లు లెక్కపెట్టి ఓడినవాణ్ణి ఇంటికి పంపే పద్ధతి కన్నా ఇది మేలని మా నమ్మకం. అయితే ఆ నసాబులో ఆడవాళ్లకు చోటు లేదు. నీళ్లు మోసేవాళ్లు బయట, నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు లోపల. దాన్ని సంప్రదాయం పేరుతో మేము వెనకేసుకు రాము.

ఇప్పుడు సభకు ముందురోజు రాత్రి, అన్నాలయ్యాక, తండాలోనే కూర్చుంటున్నాం. గోర్‌బోలిలోనే మాట్లాడతాం. ముందు ఆడవాళ్లు చెబుతారు. బెంగళూరులో ఉన్న పిల్లలు ఫోన్‌లో వింటారు, ఒక్కోసారి మాకంటే ఎక్కువ గొడవ పడతారు. ఒప్పుకున్నది తెలుగులో రాసి, మళ్లీ గోర్‌బోలిలో చదివి వినిపిస్తాం. సభలో ఆ కాగితం ఇచ్చి, తీర్మానం రాసినాక పైకి చదవమంటాం. నకలు అడుగుతాం. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2013లో ఆదివాసీ ప్రాంతీయ సభలతో కలిసి నిర్ణయాలు తీసుకునే పద్ధతి మొదలుపెట్టింది. ముర్డి పాకి అనే సభ 2015లో ప్రభుత్వంతో తొలి ఒప్పందం చేసుకుంది. ఏ శాఖ ఏం చేయాలో కాగితం మీద రాసుకుని ఇరువైపులా సంతకాలు. అదే దేశం 2023 అక్టోబరులో, పార్లమెంటుకు ఆదివాసీ గొంతు ఉండాలా అని ఓటు పెడితే వద్దంది. పైన తలుపు మూసుకున్నా కింద బల్ల దగ్గర మాట్లాడుకోవచ్చని మాకు అర్థమైంది. ఇరువైపులా సంతకం అనేది మాత్రం మాకు బాగా నచ్చింది. మా పుస్తకంలో ఇప్పటిదాకా సంతకాలన్నీ మావైపువే.

వచ్చే సభకు శ్మశానం దారి తీసుకుపోతున్నాం. పక్క చేను వాళ్లు కంచె వేసుకున్నారు, వానాకాలంలో పాడెను వంక చుట్టూ తిప్పి మోయాల్సి వస్తోంది. దారి కొలతలు, సర్వే నంబరు రాసే పని తండాలో డిగ్రీ చదివే అమ్మాయికి ఇచ్చినాం. అంతమంది మగవాళ్ల ముందు నిలబడి చదవడానికి వాళ్ల నాయన ఇంకా ఒప్పుకోలేదు. మా మాట కన్నా బడి సారు మాట ఆయన ఎక్కువ వింటాడు. ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయుల్లో మా వైపు పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఒక సాయంత్రం మా తండాకు రండి.