రథం నేర్పే విద్య

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాల్లో నడిచేవారికి ఆకాశం కన్నా ముందు శిక్షణ సంస్థల ప్రకటన ఫలకాలు కనిపిస్తాయి. పల్లెల నుండి వచ్చిన పట్టభద్రులు ఇరుకైన వసతి గృహాల్లో ఉంటూ అక్కడ కంప్యూటర్ విద్యలు అభ్యసిస్తారు. ఆ వీధులను నేను చిన్నచూపు చూడను. అవి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. అయితే అక్కడి అభ్యాసమంతా కుర్చీలో కూర్చుని తెరమీద సాగేదే. ఇనుమును కోసి, అతికించి, అది విరిగితే ఎందుకు విరిగిందో తెలుసుకొనే అవకాశం అక్కడ దొరకదు. దానిని కల్పించవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది, కళాశాలలది.

అటువంటి అవకాశాన్ని ఇచ్చేవి విద్యార్థుల పందెపు బండ్ల పోటీలు. ఇంజనీరింగ్ విద్యార్థులే కారును రూపొందించి, నిర్మించి, నడిపే ఈ సంప్రదాయం 1981లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 'ఫార్ములా ఎస్.ఏ.ఇ.' పేరుతో ఆరంభమైంది. మన దేశంలో ఎగుడుదిగుడు నేలమీద పరుగెత్తే బండ్ల కోసం 'బాజా' పోటీ 2007లో మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో మొదలైంది. హైదరాబాదు కళాశాలల బృందాలు కూడా ఇటువంటి పోటీలలో పాల్గొంటున్నాయి.

పందెం అనగానే మనకు వేగమే స్ఫురిస్తుంది. కాని ఫార్ములా ఎస్.ఏ.ఇ.లోని 1000 మార్కులలో 325 మార్కులు చక్రం కదలకముందే నిర్ణయమవుతాయి. రూపకల్పనను సమర్థించుకోవడానికి 150, ఖర్చుల లెక్కకు 100, తమ ఆలోచనను న్యాయనిర్ణేతల ముందు వివరించడానికి 75 మార్కులు కేటాయించారు. సుమారు 22 కిలోమీటర్ల దీర్ఘపరీక్షలో సగం దారిలో చోదకుడు మారాలి. ఒక్కడి చాకచక్యం మీద గెలుపు ఆధారపడకూడదని ఆ నియమం మనకు చెబుతున్నది.

ప్రాచీన సాహిత్యం చదువుకున్నవాడిని కనుక నాకు ఈ సందర్భంలో ఆంధ్రమహాభారతంలోని నలోపాఖ్యానం గుర్తుకు వస్తుంది. బాహుకుడనే పేరుతో ఉన్న నలుడు ఋతుపర్ణ మహారాజుకు సారథియై విదర్భకు రథం తోలుతున్నాడు. దారిలో రాజు ఒక తాండ్రచెట్టును చూసి దాని ఆకుల, కాయల లెక్క చెప్పాడు. స్వయంవరానికి సకాలంలో చేరాలని రాజు తొందర. అయినా బాహుకుడు రథం ఆపాడు. లెక్కించి చూశాకే నమ్మాడు. అనంతరం రాజు అక్షవిద్యను బాహుకునికి ఇచ్చాడు. అందుకు బదులుగా అతడు ఇవ్వవలసింది అశ్వవిద్య. ఇంజనీరుకు కావలసిన రెండు గుణాలు ఈ కథలోనే ఉన్నాయి: పరీక్షించనిదే నమ్మకపోవడం, తనకు తెలిసినదానిని ఇతరులకు పంచడం.

మా జూనియర్ కళాశాలలో చదివిన ఒక విద్యార్థి నాకు బాగా తెలుసు. తండ్రి ట్రాక్టర్లు బాగుచేస్తాడు. కుర్రవాడికి పనిముట్లు ఆటవస్తువులంత పరిచితం. ఇంజనీరింగ్‌లో చేరి పందెపు బండి బృందానికి ఎంపికయ్యాడు. ఆ కళాశాల బృందానికి ఒక షెడ్డు మాత్రమే ఇచ్చింది. ముడిసరుకు, టైర్లు, ప్రవేశ రుసుము, ప్రయాణం, అన్నింటి ఖర్చునూ సభ్యులే పంచుకోవాలి. అతడు రెండు వాయిదాలు కట్టి తప్పుకున్నాడు. ఒకనాటి సాయంకాలం పంజాగుట్ట చౌరస్తాలో కలిసినప్పుడు, "నట్టు బిగించడం నాకు వచ్చు సార్, వాటా కట్టడమే రాలేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పేద విద్యార్థి బోధన రుసుమును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. ఈ వాటాను ఎవరు చెల్లిస్తారు?

గ్రంథాలయానికి పుస్తకాలు లేనప్పుడు పందెపు బండికి సొమ్ము దేనికని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేము. ప్రజల సొమ్ముకు ప్రజలకు ప్రయోజనం ఉండవలసిందే. దానికి సమాధానం అమీర్‌పేట నుండి మెట్రోలో ఒక్క స్టేషను దూరంలో, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో దొరుకుతుంది. క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల వైద్యుడొకరు చూసి, తనను పిల్లల వార్డుకు తీసుకువెళ్లిన ఉదంతాన్ని అబ్దుల్ కలాంగారు తమ ప్రసంగాలలో చెప్పేవారు. అక్కడి పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లతో కాళ్లీడుస్తున్నారు. మూడు వారాలలో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ప్రయోగశాల తలుపు తెరిచి ఉంచడం వల్లనే అది సాధ్యమైంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో మన దేశపు మొదటి ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. పిల్లలు కంచె అవతల నుండి ఆ కార్లను చూశారు. విద్యార్థులు నిర్మించిన బండికి అటువంటి కంచె అక్కరలేదు. చిత్తూరు జిల్లా కుప్పంలో ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ సంచార ప్రయోగశాలలను బడుల ముంగిటికి పంపుతోంది. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్, ఎంపికైన పాఠశాలకు ప్రయోగశాల నిమిత్తం 20 లక్షల రూపాయల వరకు సమకూర్చింది. బడిలో రాజేసిన ఆసక్తి కళాశాలలో వాటా కట్టలేక ఆరిపోతే ఆ వ్యయమంతా వృథా కాదా?

కనుక నేను కోరేది రెండే. బృందం ఖర్చును సంస్థ భరించాలి. సభ్యుని జేబును అర్హతగా చూడరాదు. ప్రతిఫలంగా ఆ బృందం నెలకొక శనివారం తన బండిని ఒక ప్రభుత్వ పాఠశాలకు తీసుకువెళ్లి, విప్పి చూపాలి. అక్కడ ఆంగ్ల పారిభాషిక పదాలు చాలవు. చాసిస్ అంటే బండికి వెన్నెముక అనీ, సస్పెన్షన్ అంటే గుంతను చక్రం దగ్గరే ఓర్చుకొనే ఏర్పాటు అనీ ఆరవ తరగతి పిల్లకు తెలుగులో చెప్పగలగాలి. అలా చెప్పలేనివాడికి ఆ విషయం తనకే పూర్తిగా తెలియలేదని అప్పుడు అర్థమవుతుంది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు అటువంటి బృందాలకు నాయకులవుతారు. సభ్యులను ఎంచుకొనే రోజున 'ఎంత కట్టగలవు?' అని కాక, 'ఏమి చేయగలవు?' అని అడగండి. ఆ ప్రశ్న అడిగే స్వేచ్ఛ మీకు ఉండాలంటే, నిధులు ఇవ్వవలసినవారిని నేడే అడగడం నేర్చుకోండి.